గడప దాటినప్పుడల్లా సుంకం: ప్రాసెసర్ భద్రతా ప్యాచ్‌లు వేగాన్ని ఎందుకు తగ్గిస్తాయి?

సంక్షిప్తంగా: ప్రాసెసర్ లోపాలకు వేసే భద్రతా ప్యాచ్‌ల భారం అన్ని పనుల మీదా సమానంగా పడదు. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోకి వెళ్లి వస్తుందో, ప్రాసెసర్ ఏ తరానిదో, దానికి ఎంత ఊపిరి, అంటే ఖాళీ సామర్థ్యం, మిగిలి ఉందో అన్నవే ఎక్కువగా ఆ భారాన్ని నిర్ణయిస్తాయి. యంత్రం మొరాయించడానికి కారణం వేరు. ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్ అయిన మైక్రోకోడ్, ఆపరేటింగ్ సిస్టమ్, వాటిపై నడిచే సాఫ్ట్‌వేర్ ఒకదాన్నొకటి నమ్ముకుని పనిచేస్తాయి. ఆ నమ్మకాల్లో కొన్నింటిని ప్యాచ్ ఒక్కరాత్రిలో మార్చేస్తుంది.

ప్యాచ్ వేశాక కంప్యూటర్ నెమ్మదించిందని ఒకరు అంటారు. అదే ప్యాచ్ వేసుకున్న మరొకరు తేడాయే కనబడలేదంటారు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడినప్పటి నుంచి ఈ వాదన సాగుతూనే ఉంది. 2 శాతం నష్టమని ఒక వార్త, 14 శాతమని ఇంకొకటి, 39 అని, 50 అని మరికొన్ని. ఈ అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. ఏ యంత్రం మీద, ఏ పని చేయించి కొలిచారన్నది వదిలేసి అంకెను ఒక్కదాన్నే పట్టుకోవడంతో గందరగోళం మొదలవుతుంది. కాబట్టి ఎంత శాతం అని అడిగే ముందు, ఆ నష్టం అసలు ఎక్కడ పుడుతుందో చూడాలి.

ఊహించి ముందుకు సాగే యంత్రం

3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్‌కు ఒక్క నానోసెకనులో మూడు సైకిళ్లు (పని అడుగులు) గడుస్తాయి. తనలోనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ అయిన మొదటి స్థాయి క్యాష్ నుంచి ఒక విలువ తెచ్చుకోవడానికి దానికి నాలుగైదు సైకిళ్లు చాలు. అదే విలువ బయట ర్యామ్‌లో ఉంటే 80 నుంచి 100 నానోసెకన్లు, అంటే సుమారు 250 నుంచి 300 సైకిళ్లు పడుతుంది. అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చుంటే ప్రాసెసర్ వేగానికి అర్థమే ఉండదు. అందుకే అది ఊహిస్తుంది. షరతు నిజమైతే ఇటు, కాకపోతే అటు అని ప్రోగ్రామ్‌లో ఉన్న చోట జవాబు వచ్చేదాకా ఆగదు. ఇంతకు ముందు ఎక్కువసార్లు ఎటు పోయిందో గుర్తు పెట్టుకుని అటే నడుస్తుంది. ఊహ ఫలిస్తే సమయం కలిసొచ్చినట్టే. బెడిసికొడితే చేసిన పనిని రద్దు చేసుకుని వెనక్కి వస్తుంది. స్పెక్యులేటివ్ ఎగ్జిక్యూషన్ అనే ఈ ఊహాత్మక అమలు లేకుండా నేటి కంప్యూటర్ వేగం లేదు.

రద్దు అన్నది లెక్కల వరకే జరుగుతుంది. ఆ తొందరలో క్యాష్‌లోకి వచ్చిపడిన సమాచారం అక్కడే ఉండిపోతుంది. మెల్ట్‌డౌన్ దాడి పట్టుకున్నది ఈ ఆనవాలునే.

అది జరిగే తీరు ఇలా ఉంటుంది. ఒక బైటుకు 256 విలువలు సాధ్యం కాబట్టి, దాడి చేసే ప్రోగ్రామ్ తన సొంత మెమరీలో 256 గదులను వరుసగా సిద్ధం చేసుకుంటుంది. వాటిలో ఏదీ క్యాష్‌లో లేకుండా ముందే తుడిచేస్తుంది. తర్వాత తనకు హక్కు లేని కెర్నెల్ చిరునామా నుంచి ఒక బైటు చదవమంటుంది. హక్కు లేదని ప్రాసెసర్ తేల్చేలోపు ఊహాత్మక అమలు రెండడుగులు ముందుకు వేస్తుంది. ఆ బైటు విలువ 83 అయితే 83వ గదిని తాకుతుంది. మరుక్షణం తప్పు తెలుసుకుని అంతా రద్దు చేస్తుంది. కానీ 83వ గది క్యాష్‌లోకి వచ్చేసింది. ఇప్పుడు ప్రోగ్రామ్ 256 గదులనూ ఒక్కొక్కటిగా తెరుస్తూ, ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకుంటుంది. 255 గదులు వందల సైకిళ్లు తీసుకుంటాయి. ఒక్కటి మాత్రం తలుపు తట్టగానే తెరుచుకుంటుంది. రహస్యం 83. ఇదే పనిని సెకనుకు వేలసార్లు చేస్తే కెర్నెల్ మెమరీ అంతా బైటు తర్వాత బైటుగా బయటికి వచ్చేస్తుంది.

స్పెక్టర్ దీనికి దగ్గరి చుట్టమే అయినా పద్ధతి వేరు. అక్కడ దాడి చేసేవారు ప్రాసెసర్‌కు తప్పుడు అలవాటు నేర్పుతారు. ఆ అలవాటుతో అది మరో ప్రోగ్రామ్‌లోనో కెర్నెల్‌లోనో తప్పు దారిన ఊహించి, అక్కడి రహస్యం తాలూకు ఆనవాలును వదిలిపెడుతుంది. గూగుల్ భద్రతా పరిశోధన బృందం ప్రాజెక్ట్ జీరోలోని యాన్ హార్న్, స్వతంత్ర పరిశోధకుడు పాల్ కోచర్, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు, మరికొందరు వేర్వేరుగా పనిచేస్తూ ఈ లోపాల దగ్గరికే చేరుకున్నారు. చిప్ తయారీదారులకు 2017 మధ్యలోనే విషయం తెలిసింది. జనవరి 9న ప్రకటించాలనుకున్నా, వార్త ముందే పొక్కడంతో 2018 జనవరి 3నే బయటపెట్టాల్సి వచ్చింది. ఆ వారం రోజుల తేడా చిన్నదేమీ కాదు. తర్వాత జరిగిన తొట్రుపాటుకు దానిలోనూ కొంత పాలు ఉంది.

చిప్‌ను మార్చలేనప్పుడు

1994లో పెంటియం ప్రాసెసర్‌లో కొన్ని భాగహారాలు తప్పుగా వచ్చే లోపం బయటపడింది. సిలికాన్‌లో అచ్చయిపోయిన తప్పును దిద్దే దారి లేదు. ఇంటెల్ చిప్‌లను మార్చి ఇవ్వడానికి ఒప్పుకుని, అందుకోసం 47.5 కోట్ల డాలర్ల నష్టాన్ని పద్దుల్లో చూపించింది. మరుసటి ఏడాది వచ్చిన పెంటియం ప్రోలో మైక్రోకోడ్‌ను బయటి నుంచి మార్చే వీలు కల్పించింది. క్లిష్టమైన ఆదేశాలను ప్రాసెసర్ లోపల చిన్నచిన్న అడుగులుగా విడగొట్టి నడిపించే అంతర్గత ప్రోగ్రామే ఈ మైక్రోకోడ్.

దీని గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మైక్రోకోడ్ ప్యాచ్ చిప్‌లో శాశ్వతంగా నిలవదు. కరెంటు తీయగానే చెరిగిపోతుంది. యంత్రం మొదలైన ప్రతిసారీ అన్నిటికన్నా ముందు నడిచే బయోస్ అనే ప్రోగ్రామ్ గానీ ఆపరేటింగ్ సిస్టమ్ గానీ దాన్ని మళ్లీ ఎక్కించాలి. ఒకే నమూనా ప్రాసెసర్ ఉన్న రెండు కంప్యూటర్లు వేర్వేరుగా ప్రవర్తించడానికి ఇదొక కారణం. ఒకదాని బయోస్ పాతది, రెండో దాని ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త మైక్రోకోడ్‌ను తెచ్చుకుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే.

మైక్రోకోడ్‌తో అన్నీ కుదరవు. మెల్ట్‌డౌన్‌కు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే మార్పు రావాల్సి వచ్చింది. స్పెక్టర్‌లోని ఒక రకానికి రెండూ కలిసి పనిచేయాలి: మైక్రోకోడ్ కొత్త మీటలను అందిస్తే, వాటిని ఎప్పుడు నొక్కాలో కెర్నెల్ నిర్ణయిస్తుంది. ఇంకో రకానికి ప్రోగ్రామ్‌లను యంత్రభాషలోకి మార్చే కంపైలర్లు, బ్రౌజర్లు మారాయి. బ్రౌజర్లు చేసిన పని ఆసక్తికరమైనది. దాడికి గడియారమే ఆయుధం కాబట్టి గడియారాన్నే మొద్దుబార్చాయి. ఫైర్‌ఫాక్స్ అప్పట్లో వెబ్ పేజీలకు ఇచ్చే సమయ సూక్ష్మతను 20 మైక్రోసెకన్లకు తగ్గించింది. క్రోమ్ 2018 మధ్యలో ఒక్కో వెబ్‌సైటును ఒక్కో ప్రత్యేక ప్రాసెస్‌లో నడపడం మొదలుపెట్టింది. దానివల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ చెప్పింది. ప్యాచ్ ధర ఎప్పుడూ వేగం రూపంలోనే ఉండాలని లేదు.

సుంకం వసూలయ్యే చోటు

మెల్ట్‌డౌన్ ప్యాచ్‌ను దగ్గరగా చూస్తే నష్టం పుట్టే చోటు స్పష్టంగా కనిపిస్తుంది. అంతకు ముందు ప్రతి ప్రోగ్రామ్ మెమరీ పటంలోనూ కెర్నెల్ కూడా ఉండేది. చూడటానికి హక్కు లేదు, కానీ పటంలో చోటుంది. అలా ఉంచడం సౌకర్యం కోసమే. ప్రోగ్రామ్ ఒక ఫైలు చదవమని అడిగితే కెర్నెల్ అప్పటికే అందుబాటులో ఉంటుంది, పటం మార్చాల్సిన పని ఉండదు. ఆ హక్కు తనిఖీని ఊహాత్మక అమలు దాటేయగలదని తేలాక మిగిలిన దారి ఒకటే: కెర్నెల్‌ను పటంలోంచే తీసేయడం. గ్రాజ్ పరిశోధకులు అంతకు ముందే వేరే అవసరం కోసం రూపొందించిన కైజర్ అనే పద్ధతి ఇందుకు ఆధారమైంది. లినక్స్‌లో అది 4.15 వెర్షన్‌తో కెర్నెల్ పేజీ టేబుల్ ఐసొలేషన్‌గా స్థిరపడింది. విండోస్, మ్యాక్ కూడా తమ తమ రూపాల్లో ఇదే పని చేశాయి.

ఇప్పుడు ప్రోగ్రామ్ గడప దాటి కెర్నెల్‌లోకి వెళ్లేటప్పుడు ఒకసారి పటం మారాలి. పని ముగించుకుని బయటికి వచ్చేటప్పుడు మరోసారి మారాలి. ఈ రెండు మార్పులకూ కలిపి కొన్ని వందల సైకిళ్లు పడుతుంది. పాత ప్రాసెసర్లలో అంతటితో పోదు. చిరునామాల అనువాదాలను గుర్తుంచుకునే టీఎల్‌బీ అనే చిన్న పట్టిక పటం మారగానే ఖాళీ అయిపోతుంది. మళ్లీ ఒక్కో చిరునామానూ వెతుక్కుంటూ నింపుకోవాలి. ఏ అనువాదం ఎవరిదో గుర్తుపెట్టుకునే వసతి ఉన్న కొత్త ప్రాసెసర్లలో పట్టికను ఖాళీ చేయనక్కర్లేదు. ఈ సౌకర్యాన్ని సమర్థంగా వాడుకోవడానికి కావలసిన ఆదేశం ఇంటెల్‌లో 2013 నాటి హాస్వెల్ తరంతో వచ్చింది.

కాబట్టి ప్యాచ్ చేసే పని ప్రాసెసర్‌ను నెమ్మదింపజేయడం కాదు. గడప దాటిన ప్రతిసారీ సుంకం వసూలు చేయడం. ఒక వీడియోను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ప్రోగ్రామ్ ఎక్కువసేపు తన లెక్కల్లోనే మునిగి ఉంటుంది, గడప తొక్కేది తక్కువ. దానికి తేడా కంటికి ఆనదు. చిన్నచిన్న అభ్యర్థనలకు సెకనుకు లక్షసార్లు బదులిచ్చే డేటాబేస్ సర్వర్ ప్రతి అభ్యర్థనకూ నెట్‌వర్క్ నుంచి చదవాలి, డిస్కును అడగాలి, మళ్లీ నెట్‌వర్క్‌కు రాయాలి. అది గడప మీదే బతుకుతుంది.

అప్పట్లో నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేస్తున్న బ్రెండన్ గ్రెగ్ ఈ సంబంధాన్ని కొలిచి చూపించారు. సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను పని అడిగే పిలుపులు) సంఖ్య పెరిగే కొద్దీ నష్టం ఎలా పెరుగుతుందో గీతల్లో పెట్టారు. తమ క్లౌడ్ యంత్రాలకు 0.1 నుంచి 6 శాతం వరకు నష్టం ఉండవచ్చనీ, సవరణలతో దాన్ని 2 శాతం లోపుకు దించవచ్చనీ ఆయన అంచనా. అదే కొలతల్లో, గడప దాటడం తప్ప మరే పనీ చేయని కృత్రిమ పరీక్షకు భారం 800 శాతం దాటింది. ఒకే ప్యాచ్, ఒకే మనిషి, ఒకే పద్ధతి. ఫలితం మాత్రం 0.1 నుంచి 800 దాకా. సగటు నష్టం ఎంత అన్న ప్రశ్నకు పనికొచ్చే జవాబు ఎందుకు ఉండదో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ దొరకడం కష్టం.

ఊపిరి ఎంత మిగిలి ఉందన్నది రెండో సంగతి. 2018 జనవరిలో ఇంటెల్ సర్వర్ల మీద డిస్కు పరీక్ష చేసి ఫలితాలు ప్రకటించింది. ప్రాసెసర్‌ను పూర్తిగా అలసిపోయేలా చేసే, డిస్కు మీద రాసే పనిలో 18 శాతం వేగం పడిపోయింది. 70 పాళ్లు చదవడం, 30 పాళ్లు రాయడంగా ఉన్న పనిలో నష్టం 2 శాతం. ప్రాసెసర్ మీద భారం తక్కువగా ఉన్న, డిస్కు నుంచి చదివే పనిలో వేగం ఏమాత్రం తగ్గలేదు, ప్రాసెసర్ వాడకం మాత్రం పెరిగింది. సుంకం మూడు సందర్భాల్లోనూ వసూలైంది. తీరిక ఉన్న యంత్రం దాన్ని తన ఖాళీ సమయంలోంచి కట్టింది. తీరిక లేనిది పనిలోంచి కట్టింది. ఇంట్లో వాడే కంప్యూటర్ ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది కాబట్టి యజమానికి ఏమీ తెలియదు. అంచుల దాకా నింపి నడిపే సర్వర్ కేంద్రంలో అదే భారం కొత్త యంత్రాల ఖర్చుగా తేలుతుంది. ఆ జనవరిలోనే ఎపిక్ గేమ్స్ తన ఆటల సర్వర్లలో ఒకదాని ప్రాసెసర్ వాడకం ప్యాచ్ తర్వాత ఒక్కసారిగా ఎగబాకిన గ్రాఫును బహిరంగంగా పెట్టి, ఆటగాళ్లు చూసిన అంతరాయాలకు కారణం అదేనని చెప్పింది.

డిస్కు రకం కూడా లెక్కలోకి వస్తుంది. తిరిగే పాత హార్డ్ డిస్కు ఒక ఫైలు వెతకడానికే కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది. దాని పక్కన మైక్రోసెకనులో కొంత భాగమే పట్టే ఈ సుంకం సముద్రంలో కాకిరెట్ట. పదుల మైక్రోసెకన్లలో జవాబిచ్చే వేగవంతమైన ఎస్ఎస్‌డీ దగ్గరైతే ఆ భారం లెక్కకు వస్తుంది. యంత్రంలోని మిగతా భాగాలు ఎంత చురుగ్గా ఉంటే ప్యాచ్ బరువు అంతగా బయటపడుతుంది.

ఊహకు కళ్లెం వేస్తే

మెల్ట్‌డౌన్ ఒక్కదాని కథ అయితే ఇక్కడితో సరిపోయేది. తర్వాత వచ్చిన లోపాల్లో చాలావాటికి ప్రాసెసర్ ఊహాశక్తికే కళ్లెం వేయాల్సి వచ్చింది. స్పెక్టర్ కోసం గూగుల్ తయారుచేసిన రెట్‌పొలిన్ అనే ఉపాయం మార్గం మళ్లే చోట ప్రాసెసర్‌ను ఎటూ పోని వలయంలో ఊహించేలా చేస్తుంది. వినడానికి వింతగా ఉన్నా, మైక్రోకోడ్ మీటలను నొక్కడం కంటే చాలా యంత్రాల్లో ఇది చౌక. విండోస్ 10 కూడా 2019 మార్చిలో దీనికి మారి, పోగొట్టుకున్న వేగంలో కొంత తిరిగి రాబట్టుకుంది. మొదటి నెలలో వచ్చే కొలతలను చివరి మాటగా తీసుకోకూడదనడానికి ఇదొక సాక్ష్యం.

వెనక్కి తగ్గిన సందర్భమూ ఉంది. 2018 నవంబరులో లినక్స్ 4.20 తయారవుతుండగా, ప్రాసెసర్‌లోని ఒకే కోర్‌ను (గణన విభాగాన్ని) పంచుకునే రెండు థ్రెడ్‌లు (పనుల వరుసలు) ఒకదాని ఊహలను మరొకటి ప్రభావితం చేయకుండా ఆపే రక్షణను అందరికీ వర్తించేలా పెట్టారు. కొన్ని పనులు సగానికి సగం నెమ్మదించాయి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా అభ్యంతరం చెప్పడంతో, తుది విడుదలలో ఆ రక్షణను కోరుకున్న ప్రోగ్రామ్‌లకే పరిమితం చేశారు. భద్రత ఎంత, ధర ఎంత అన్న బేరం కెర్నెల్ రాసేవారి మధ్య బహిరంగంగా జరిగిన ఘట్టమది.

2018 ఆగస్టులో ఫోర్‌షాడో, 2019 మేలో జాంబీలోడ్ వంటి లోపాలు వచ్చాక, ఒక్కో కోర్‌పై రెండేసి పనులను కలిపి నడిపే హైపర్ థ్రెడింగ్ మీదే అనుమానం పడింది. ఒకే కోర్‌లో రెండు పనులు లోపలి బఫర్లను (తాత్కాలిక నిల్వలను) పంచుకుంటున్నప్పుడు ఒకదాని జాడలు రెండో దానికి అందుతాయి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ముందే హైపర్ థ్రెడింగ్‌ను ఆపేసింది. క్రోమ్ ఓఎస్ 74వ వెర్షన్‌లో గూగుల్ కూడా ఆపింది. పూర్తి రక్షణ కోరుకుని హైపర్ థ్రెడింగ్‌ను ఆపేస్తే మ్యాక్‌లలో 40 శాతం దాకా వేగం తగ్గవచ్చని ఆపిల్ హెచ్చరించి, నిర్ణయాన్ని వాడేవారికే వదిలేసింది.

ఇంకొన్ని ప్యాచ్‌ల బరువు ఒకే ఒక్క ఆదేశం మీద పడుతుంది. 2023 ఆగస్టులో డేనియల్ మొఘిమీ అనే పరిశోధకుడు బయటపెట్టిన డౌన్‌ఫాల్ అలాంటిది. మెమరీలో చెల్లాచెదురుగా ఉన్న విలువలను ఒకేసారి ఏరుకొచ్చే గేదర్ అనే ఆదేశంలో ఆ లోపం ఉంది. ఇంటెల్ ఆరో తరం నుంచి పదకొండో తరం దాకా కోర్ ప్రాసెసర్లు దాని పరిధిలోకి వచ్చాయి. కొన్ని పనుల్లో నష్టం 50 శాతం దాకా ఉండవచ్చని ఇంటెలే చెప్పింది. ఆ ఆదేశాన్ని విరివిగా వాడే శాస్త్రీయ గణనలకు అది గొడ్డలిపెట్టు. దాన్ని అసలు వాడని ప్రోగ్రామ్‌లకు సున్నా. 2022 జూలైలో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన రెట్‌బ్లీడ్ ఇంకా విస్తృతమైనది. దాని ప్యాచ్‌ల భారం వారి కొలతల్లో ఏఎండీ యంత్రాలపై 14 శాతం, ఇంటెల్ యంత్రాలపై 39 శాతం దాకా తేలింది. పాత తరాల్లో చవకైన రక్షణ అనుకున్న రెట్‌పొలిన్‌నే అది ఛేదించింది కాబట్టి, ఖరీదైన మీటలవైపు మళ్లక తప్పలేదు.

యంత్రం మొరాయించినప్పుడు

వేగం తగ్గితే విసుగు. యంత్రం లేవకపోతే పని ఆగిపోతుంది. 2018 జనవరిలో మూడు వేర్వేరు కారణాలతో మూడు రకాల చిక్కులు వచ్చాయి. వాటిని విడివిడిగా చూస్తే ప్యాచ్‌లు ఎలా తప్పటడుగు వేస్తాయో అర్థమవుతుంది.

మొదటిది మైక్రోకోడ్. స్పెక్టర్ కోసం ఇచ్చిన కొత్త మైక్రోకోడ్ వేసుకున్న హాస్వెల్, బ్రాడ్‌వెల్ తరాల ఇంటెల్ యంత్రాలు ఉన్నట్టుండి రీబూట్ అవుతున్నాయని జనవరి రెండో వారంలో ఇంటెల్ ఒప్పుకుంది. జనవరి 22న ఆ వెర్షన్‌ను ఇక వేయవద్దని తయారీదారులకు, క్లౌడ్ సంస్థలకు చెప్పింది. ఆ నెలాఖరున మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా మరో అప్‌డేట్ విడుదల చేసింది. దాని పని ముందు ఇచ్చిన రక్షణను ఆపడమే. బయోస్ ద్వారా మైక్రోకోడ్ ఎక్కిన యంత్రాల్లో పాత బయోస్‌కు వెళ్లడం సామాన్యులకు తేలిక కాదు కాబట్టి, కొత్త మీటలను అసలు నొక్కకుండా కెర్నెల్‌కు చెప్పడమే సులువైన దారి అయింది.

రెండోది ఒకరి అంతరంగంపై మరొకరి ఆధారం. కొన్ని యాంటీవైరస్ ప్రోగ్రామ్‌లు విండోస్ కెర్నెల్ మెమరీలోకి అధికారికం కాని దారుల్లో చెయ్యి పెట్టేవి. పటం మారగానే ఆ దారులు మూసుకుపోయి, నీలి తెర వచ్చి యంత్రం ఆగిపోయేది. అందువల్ల తమ ప్రోగ్రామ్ కొత్త పద్ధతికి సరిపోతుందని యాంటీవైరస్ సంస్థ విండోస్ అమరికల ఖజానా అయిన రిజిస్ట్రీలో ఒక గుర్తు పెడితే తప్ప ఆ యంత్రానికి అప్‌డేట్ రాకుండా మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. ఆ గుర్తు లేని యంత్రాలకు తర్వాతి నెలల భద్రతా అప్‌డేట్‌లు కూడా ఆగిపోయాయి. అదే సమయంలో కొన్ని పాత ఏఎండీ యంత్రాలు అప్‌డేట్ తర్వాత తెరుచుకోకపోవడంతో వాటికి పంపిణీని కొన్నాళ్లు నిలిపివేశారు. ఏఎండీ ప్రాసెసర్లకు మెల్ట్‌డౌన్ ముప్పు లేకపోయినా, అప్‌డేట్ మాత్రం అందరికీ ఒకటే కావడం అక్కడి చిక్కు.

మూడోది అన్నిటికన్నా ఆలోచింపజేసేది. 64 బిట్ల విండోస్ 7కు ఇచ్చిన మెల్ట్‌డౌన్ ప్యాచ్‌లో పటాన్ని వర్ణించే పట్టికలోని ఒక అనుమతి బిట్ తప్పుగా పడింది. కెర్నెల్‌కు మాత్రమే అని ఉండాల్సిన చోట అందరికీ అని ఉంది. ఒక్క బిట్. దాంతో ఏ ప్రోగ్రామైనా మొత్తం మెమరీని సెకనుకు గిగాబైట్ల వేగంతో చదవగలదు, పైగా అందులో రాయనూ గలదు. అసలు మెల్ట్‌డౌన్ వేగం సెకనుకు కొన్ని వందల కిలోబైట్లే. ఉల్ఫ్ ఫ్రిస్క్ అనే పరిశోధకుడు దీన్ని బయటపెట్టారు. మార్చి నెలాఖరుకు సవరణ పూర్తయింది. రెండు దశాబ్దాలుగా ఎవరూ కదిలించని పునాదిని కొన్ని వారాల్లో తిరగరాస్తే ఇలాంటి జారుపాటుకు చోటుంటుంది. తప్పు ప్యాచ్ వేయాలన్న నిర్ణయంలో లేదు, దాన్ని పరీక్షించడానికి దొరికిన గడువులో ఉంది.

నెపం వేరొకరిదైనప్పుడు

యంత్రం తడబడిన ప్రతిసారీ భద్రతా ప్యాచ్‌నే అనుమానించడం కూడా పొరపాటే. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. ఆటలు తెరవగానే గ్రాఫిక్స్ మెమరీ చాలదన్న సందేశం వచ్చేది. నిజానికి గ్రాఫిక్స్ కార్డులో ఏ లోపమూ లేదు. ప్రాసెసర్ తనకు అవసరమైనదానికన్నా ఎక్కువ వోల్టేజీ అడుగుతూ, కాలక్రమంలో లోపల అరిగిపోయింది. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇంటెల్ ఇచ్చిన మైక్రోకోడ్ ఆ కోరికకు హద్దు పెట్టింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం ఏ మైక్రోకోడూ బాగుచేయలేదు. అందుకే వారంటీని రెండేళ్లు పొడిగించారు. ఇక్కడ ప్యాచ్ వేయకపోవడమే ప్రమాదకరం.

బయోస్ అప్‌డేట్ తర్వాత వేగం తగ్గిందన్న ఫిర్యాదుల వెనుక తరచూ ఇంకో సాదా కారణం ఉంటుంది. కొత్త బయోస్ పాత అమరికలను తుడిచేస్తుంది. ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ప్రొఫైల్ కూడా అందులో పోతుంది. ర్యామ్ ప్రామాణిక వేగానికి దిగివస్తుంది, నింద ప్యాచ్ మీద పడుతుంది. పెద్ద అప్‌డేట్ తర్వాత కొన్ని గంటలపాటు ఆపరేటింగ్ సిస్టమ్ తెర వెనుక ఫైళ్ల సూచికలు సరిచేసుకుంటూ ఉంటుంది. ఆ గంటల్లో కొలిచిన కొలతకు విలువ లేదు. బయోస్ అమరికలు, మైక్రోకోడ్ వెర్షన్, డ్రైవర్లు రాసిపెట్టుకుని, నిజంగా చేసే పనినే ముందూ తర్వాతా చెరో నాలుగైదుసార్లు నడిపి చూస్తే తప్ప కారణం తేలదు.

రక్షణను తీసేస్తే

లినక్స్‌లో ఈ రక్షణలన్నింటినీ ఒకేసారి ఆపే బూట్ ఐచ్ఛికం ఉంది. ఏ లోపానికి ఏ రక్షణ నడుస్తోందో చూపే ఫైళ్ల జాబితా కూడా కెర్నెల్ అందిస్తుంది. మొత్తంగా ఆపేయడం ఎవరికి తగునన్నది యంత్రంలో ఎవరి కోడ్ నడుస్తుందన్న దానిపై ఆధారపడుతుంది. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా, ఒకే సంస్థ సొంత ప్రోగ్రామ్‌లను మాత్రమే నడిపే గణన యంత్రంలో దాడి చేసేవారికి అడుగుపెట్టే చోటే లేదు. అక్కడ ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవచ్చు. పలువురి వర్చువల్ మెషిన్లు (ఒకే యంత్రంలో విడివిడిగా నడిచే ఊహా కంప్యూటర్లు) పక్కపక్కన నడిచే క్లౌడ్ సర్వర్‌లో ఆ ఆలోచనే కూడదు. ఇంటి కంప్యూటర్ ఈ రెండింటి మధ్య ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, బ్రౌజర్ తెరిచిన ప్రతి పేజీ ఎవరో అపరిచితులు రాసిన జావాస్క్రిప్ట్‌ను నడుపుతుంది. అంటే అది క్లౌడ్ సర్వర్ పక్షానే ఉంది.

పైగా కొత్త యంత్రాల్లో తీసేస్తే లాభం ఉంటుందన్న హామీ లేదు. 2022లో లినక్స్ వేగ పరీక్షలు చేసే ఫొరోనిక్స్ వెబ్‌సైటు జరిపిన పరీక్షల్లో ఏఎండీ రైజన్ 7000 ప్రాసెసర్లు రక్షణలు ఆపినప్పుడు కొన్ని పనుల్లో ఇంకా నెమ్మదించాయి. ఆ చిప్‌ను రక్షణలు ఉంటాయన్న అంచనాతోనే రూపొందించారు. మెల్ట్‌డౌన్‌కు ఇంటెల్ 2018 చివరి నుంచి సిలికాన్‌లోనే పరిష్కారం పెట్టడంతో, తర్వాతి ప్రాసెసర్లలో పటం మార్చే సుంకం పూర్తిగా ఎత్తేశారు.

అయితే సిలికాన్ పరిష్కారం కూడా శాశ్వతం కాదని 2025 మేలో తేలింది. మార్గాలను ఊహించే విభాగంలో ఎవరి అలవాట్లు వారికే పరిమితమయ్యేలా ఇంటెల్ చిప్‌లోనే కట్టిన గోడకు ఈటీహెచ్ పరిశోధకులు సందు కనిపెట్టారు. గడప దాటే క్షణానికీ, ఊహల పట్టికలో మార్పు నమోదయ్యే క్షణానికీ మధ్య చిన్న ఎడం ఉంది. ఆ ఎడంలో ప్రోగ్రామ్ నేర్పిన అలవాటు కెర్నెల్ పేరున నమోదైపోతుంది. తొమ్మిదో తరం నుంచి వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లన్నీ దాని పరిధిలో ఉన్నాయి. మైక్రోకోడ్ సవరణ వచ్చింది. పన్నెండో తరానికి చెందిన ఆల్డర్ లేక్ ప్రాసెసర్‌పై పరిశోధకులు కొలిచిన నష్టం గరిష్ఠంగా 2.7 శాతం.